రాయచూరు యుద్ధం కోసం 28 మిల్లీమీటర్ల సైన్యం: సగంలో ఆగిపోయాను, సలహా కావాలి

ప్రశ్న: తుంగభద్రగట్టు (కర్నూలు)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

1520 నాటి రాయచూరు యుద్ధాన్ని బొమ్మల సైన్యాలతో బల్లమీద ఆడాలన్న కోరికతో రెండేళ్ల క్రితం 28 మిల్లీమీటర్ల (సుమారు అంత ఎత్తుండే) బొమ్మలు కొనడం మొదలుపెట్టాను. ఒకవైపు కృష్ణదేవరాయల సైన్యం, మరొకవైపు కృష్ణానది దాటి వచ్చిన ఇస్మాయిల్ ఆదిల్ షా సైన్యం. మా ఊరికి అంత దగ్గరలో జరిగిన యుద్ధాన్ని వదిలి నెపోలియన్ సైనికులకు రంగులు వేయడమెందుకన్నది నా ఆలోచన. అయితే కర్నూలులో ఈ ఆట ఆడేవారు నాకు తెలిసి మరొకరు లేరు కనుక రెండు సైన్యాలనూ నేనే తయారు చేసుకోవలసి వచ్చింది. మొదట వేసుకున్న లెక్క 240 బొమ్మలు. కొన్నవి 170. అతికించినవి 90. రంగు పూర్తయినవి 14.

విజయనగర సైనికుల బొమ్మలు నేరుగా దొరకడం కష్టం కాబట్టి, అరబ్బు, పారసీక సైనికుల ప్లాస్టిక్ పెట్టెలు తెప్పించి, తలపాగాలను, కుళ్ళాయిలను ఎం-సీల్‌తో మలుచుకుంటున్నాను. ఏనుగులు మాత్రం తెల్లలోహంతో పోతపోసినవి. ఈ పనిలో నాకు కలిగిన ఆనందం చిన్నది కాదు. పదిమంది పదాతులు మొదటిసారి ఒకే వరుసలో రంగులతో నిలబడ్డ రాత్రి, ట్యూబ్‌లైట్ కింద వాటిని ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో ఇంట్లోవారు ఇప్పటికీ చెప్పి నవ్వుతారు.

ఆ తరువాతే కష్టాలు మొదలయ్యాయి. గత మే నెలలో, మధ్యాహ్నం మూడు గంటలకు మిద్దెమీద 30 బొమ్మలకు స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) కొట్టాను. ఎండ బాగా ఉంది, త్వరగా ఆరుతుందనుకున్నాను. ఆరింది, కానీ ప్రతి బొమ్మ ఒళ్లంతా ఉప్పుకాగితంలా గరుకుగా తయారైంది. ముఖాలలో ముక్కు ఏదో మీసం ఏదో తెలియకుండా పోయింది. దానిని తీసివేద్దామని పెయింట్ల అంగడిలో థిన్నర్ కొని, ఎనిమిది మంది ప్లాస్టిక్ బల్లెం సైనికులను అందులో వేశాను. అరగంట తరువాత గిన్నెలో మిగిలింది బూడిదరంగు బంక. ఇక ఏనుగుల సంగతి: అంబారీని, తొండాన్ని ఫెవిక్విక్‌తో అతికించాను, ఇప్పటికి ఐదుసార్లు ఊడిపడ్డాయి.

అడగదలచుకున్నవి ఇవి. మన రాయలసీమ ఎండల్లో ప్రైమర్ ఎప్పుడు, ఎలా వేయాలి? మిగిలిన 22 గరుకు బొమ్మలను కాపాడుకోగలనా? లోహపు ఏనుగులు నిలబడే మార్గం ఏమిటి? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ 240 లెక్కను పట్టుకుని సాగాలా, లేక మానుకుని చిన్నగా మళ్లీ మొదలుపెట్టాలా?

సమాధానం 1: గుత్తికోట (అనంతపురం)

మీ మిద్దెమీద జరిగినదే మా మిద్దెమీద కూడా జరిగింది, కాబట్టి బాధపడకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాటను పెద్దలు ప్రైమర్ గురించి అనలేదు కానీ, ఆ ఎండకు స్ప్రే డబ్బాలోనుంచి వచ్చిన తుంపర బొమ్మను చేరకముందే గాలిలో సగం ఆరిపోతుంది. ఆరిన రేణువులు బొమ్మమీద వాలి అతుక్కుంటాయి, పరుచుకోవు. మీరు చూసిన గరుకుదనం అదే. దూరం ఎక్కువైనా, గాలి వీస్తున్నా ఇదే ఫలితం ఇంకా ఘోరంగా వస్తుంది.

వేసవిలో స్ప్రే చేయక తప్పదనుకుంటే తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు, గాలి పడిపోయి ఉన్న వేళ చేయండి. డబ్బాను పూర్తిగా రెండు నిమిషాలు కుదపండి. బొమ్మకు 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, బొమ్మ పక్కన ఖాళీలో మొదలుపెట్టి, బొమ్మమీదుగా లాగి, అవతల ఖాళీలో ఆపండి. బొమ్మమీదే మొదలుపెట్టి బొమ్మమీదే ఆపితే ఆ రెండుచోట్లా ముద్ద కడుతుంది. ఒక్కసారికే నిండుగా కప్పాలన్న ఆత్రం వద్దు. మూడు పలుచని పూతలు ఒక మందపు పూతకంటే మేలు. డబ్బాలను నీడలో దాచండి. ఎండలో పెట్టిన పీడన డబ్బా ప్రమాదం కూడా. ఇంత అవస్థ వద్దనుకుంటే బ్రష్‌తో వేసే అక్రిలిక్ ప్రైమర్ కొనుక్కోండి. సమయం ఎక్కువ పడుతుంది, కానీ మే నెలా డిసెంబరూ ఒక్కటే. నేను ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా బ్రష్ తప్ప మరొకటి ముట్టను.

కార్లకు వాడే ప్రైమర్ చవకగా దొరుకుతుందని కొందరు చెబుతారు. లోహపు బొమ్మలకు అది బాగానే ఉంటుంది. ప్లాస్టిక్‌కు వాడేముందు మాత్రం, బొమ్మలను కత్తిరించగా మిగిలిన చట్రం ముక్కమీద కొట్టి ఒకరోజు చూడండి. అందులోని ద్రావకం ఘాటైనదైతే ప్లాస్టిక్ పైపొరను తినేస్తుంది.

థిన్నర్ విషయంలో మీ ఎనిమిది మందికి నా సంతాపం. ఈ బొమ్మల గట్టి ప్లాస్టిక్ పాలీస్టైరీన్. థిన్నర్, అసిటోన్ రెండూ దానిని కరిగించివేస్తాయి. మీరు ప్లాస్టిక్ అతికించడానికి వాడే సిమెంటు పనిచేసేది కూడా ఆ గుణంవల్లనే: రెండు అంచులనూ కరిగించి, ఒకదానిలో ఒకటి కలిపి, ద్రావకం ఎగిరిపోయాక ఒకే ముక్కగా మిగులుస్తుంది. రంగు తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. మూతగల సీసాలో బొమ్మలను రాత్రంతా నానబెట్టి, ఉదయం పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే అక్రిలిక్ పూత చాలావరకు వస్తుంది. స్ప్రే ప్రైమర్ ల్యాకర్ రకానిదైతే మొండికేస్తుంది. అప్పుడు ముఖాల దగ్గర సన్నని ఉప్పుకాగితంతో మెల్లగా తీసి, మిగతాచోట్ల వదిలేయండి. గరుకు బట్టలు కట్టుకున్న సైనికుడు తప్పేమీ కాదు. పొయ్యి ఉన్న గదిలో మాత్రం ఈ పని చేయవద్దు, ఆల్కహాల్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

ఇంకొక సంగతి, మీరు అడగలేదు గానీ చెబుతాను. ఎండాకాలంలో అక్రిలిక్ రంగు బ్రష్ మీదే ఎండి, కుచ్చు మొదట్లో గడ్డకట్టి, ఖరీదైన బ్రష్‌ను చీపురు చేస్తుంది. మూతగల టిఫిన్ డబ్బాలో తడిపిన స్పాంజి పరిచి, దానిమీద బేకరీలవారు వాడే బేకింగ్ కాగితం వేసి, రంగును దానిమీద కలుపుకోండి. కింది తడి కాగితంగుండా నెమ్మదిగా పైకి వస్తూ రంగును గంటలకొద్దీ పలుచగా ఉంచుతుంది. మైనం పూసిన కాగితం పనికిరాదు, దానిగుండా నీరు రాదు.

సమాధానం 2: కడపబండ (కడప)

ఏనుగుల గురించి నేను చెబుతాను, ఎందుకంటే నా దగ్గర ఏడు ఉన్నాయి, ఏడూ కిందపడి లేచినవే.

ఫెవిక్విక్ వంటి జిగురు లాగుడును బాగా ఓర్చుకుంటుంది, పక్కనుంచి తగిలే దెబ్బను ఓర్చుకోదు. ఆరిన పొర గాజులా పెళుసుగా ఉంటుంది. అదీకాక, అది గట్టిపడేది గాలిలోని తేమవల్ల. కర్నూలు మే నెల గాలిలో తేమ ఎక్కడిది? అంటుకుందనిపిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఆ కంగారులో మనం ఇంకొక చుక్క వేస్తాం. చుక్క పెరిగేకొద్దీ పొర మందమై అతుకు ఇంకా బలహీనపడుతుంది.

బరువైన లోహపు ముక్కలకు జిగురు ఒక్కటే చాలదు, లోపల ఇనుపకడ్డీ ఉండాలి. చేతితో తిప్పే చిన్న డ్రిల్‌తో తొండం మొదట్లో 1 మిల్లీమీటరు రంధ్రం చేయండి. ఆ రంధ్రం అంచున ఎర్రరంగు చుక్క పెట్టి, తొండాన్ని ముఖానికి ఒకసారి ఆనించి తీస్తే, అవతల ఎక్కడ తొలవాలో ఆ చుక్క చూపిస్తుంది. రెండువైపులా తొలిచాక కాగితాల క్లిప్పును కత్తిరించి మధ్యలో దూర్చి అతికించండి. అంబారీకి ఒక్క కడ్డీ చాలదు, రెండు పెట్టండి, లేకపోతే గిర్రున తిరుగుతుంది. అతికించే ముందు అతుకు పడే చోట్లను ఆకురాయితో కాస్త గీరి, సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. పోత అచ్చులో చల్లిన పొడి లోహంమీద మిగిలి ఉంటే ఏ జిగురూ పట్టదు. ఎంత సరిచూసినా సందు మిగిలిందనుకోండి, ఆ సందులో కొంచెం వంటసోడా చల్లి దానిమీద ఒక చుక్క జిగురు వదలండి. క్షణంలో రాయి అవుతుంది, వేడి కూడా పుడుతుంది, వేలు పెట్టకండి.

పెద్ద సందులకు మీకు తెలిసిన ఎం-సీల్ ఉండనే ఉంది. విదేశాలవారు వాడే ఆకుపచ్చ పుట్టీ ఆరాక కూడా కొంచెం వంగుతుంది, బట్ట మడతలకు బాగుంటుంది. మన ఎం-సీల్ గట్టిగా ఆరుతుంది, కాబట్టి ఆరాక ఆకురాయితో చెక్కుకోవచ్చు. కుళ్ళాయి వంటి నున్నని ఆకారాలకు నాకు అదే నచ్చింది. చేసేటప్పుడు పనిముట్టును నీటిలో ముంచుతూ ఉండండి, లేకపోతే కుళ్ళాయి పనిముట్టుతోపాటే లేచి వస్తుంది.

పని బల్లకు ఒక చిన్న కడప బండ ముక్క సంపాదించండి. నున్నగా, సమతలంగా ఉంటుంది, కత్తికి తెగదు, జిగురు పడితే గీకేయవచ్చు. నా సభ్యనామం ఊరికే పెట్టుకోలేదు. బొమ్మల పీఠాలమీద వేయడానికి మట్టిని కొనేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది; పెన్నా ఇసుక, బండల పాలిష్ దగ్గర రాలే బూడిదరంగు పొడి, అనంతపురం ఎర్రమట్టి ఉండగా పొట్లాలు కొనడమెందుకు? జల్లెడపట్టి, పెనంమీద బాగా వేయించి పురుగూ తేమా పోగొట్టి, ఫెవికాల్ మీద చల్లి, ఆరాక నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను పైనుంచి ఒకసారి పోయండి. పెనం మాత్రం ఇంట్లో అడిగి తీసుకోండి.

తుంగభద్రగట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తొండానికి రంధ్రం చేసేటప్పుడు రెండు డ్రిల్ ముళ్లు విరిగాయి, కానీ ఏనుగు నిలబడింది. ఇంకొక సందేహం. అనంతపురంలో చదువుకుంటున్న మా తమ్ముడి స్నేహితుడి దగ్గర త్రీడీ ప్రింటర్ ఉన్నదట. మిగిలిన 70 బొమ్మలను కొనకుండా ముద్రించుకుంటే ఖర్చు తగ్గుతుందని అంటున్నాడు. దీనిమీద మీ అభిప్రాయం ఏమిటి?

సమాధానం 3: ఆదోనికొండ (ఆదోని)

ముందు ప్రింటర్ ఏ రకానిదో అడగండి. ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పోసేదైతే కోటగోడలకు, బురుజులకు, ఇళ్లకు అద్భుతంగా ఉంటుంది, మనుషుల ముఖాలకు చాలదు. తీగను పోసే నాజిల్ రంధ్రం మామూలుగా 0.4 మిల్లీమీటర్లు, అది 28 మిల్లీమీటర్ల మనిషి కంటిని గీయలేదు. పైగా ఆ యంత్రాలలో ఎక్కువగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో ఆపిన కారులో అలాంటి బురుజును వదిలి పెళ్లికి వెళ్లివచ్చి చూస్తే, ఫిరంగి దెబ్బ తగిలినదానికంటే ఎక్కువగా వంగిపోయి ఉన్నది.

ద్రవ రెజిన్‌ను అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే రకమైతే ముఖాలు, వేళ్లు, నగలు అన్నీ వస్తాయి. కానీ పచ్చి రెజిన్ చర్మానికి మంచిది కాదు. చేతితొడుగులు, గాలి ఆడే గది, ఆల్కహాల్‌తో కడగడం, మళ్లీ కాంతిలో పెట్టి గట్టిపరచడం, ఇవన్నీ తప్పనిసరి. మధ్యలో కరెంటు పోతే ఆ విడత బొమ్మలన్నీ పోయినట్టే. రెజిన్ బల్లేలు ముట్టుకుంటే విరుగుతాయి. వాటిని కత్తిరించి స్టీలు తీగ పెట్టుకోండి. నేను మొదట్లో చీపురుపుల్లలు వాడాను. దూరానికి బాగానే ఉంటాయి.

అయితే అసలు ప్రశ్న అది కాదనుకుంటున్నాను. మీకు ఇంకొక 70 బొమ్మలు ఎందుకు? నా ఉద్దేశంలో మీరు పొరపడింది ప్రైమర్ దగ్గర కాదు, 240 అన్న అంకె దగ్గర. ఒక్కొక్క బొమ్మకు మూడు గంటలు వేసుకున్నా 720 గంటలు. వారానికి ఐదు గంటలు కూర్చునేవారికి అది దాదాపు మూడేళ్ల పని, అదీ మధ్యలో ఏ పెళ్లీ, పంటా, జ్వరమూ లేకుండా. ఆ కాలమంతా ఆట మొదలుకాదు. నేను 28ని వదిలి 15 మిల్లీమీటర్లకు మారాను. ఒక్కో సైన్యానికి 12 పీఠాలు (కొన్ని బొమ్మలను కలిపి నిలబెట్టే పలకలు) చాలనే ఆట నియమావళులు ఉన్నాయి. 15 మిల్లీమీటర్లకు పీఠం వెడల్పు 40 మిల్లీమీటర్లు, రెండడుగుల చదరపు బల్లమీద మొత్తం యుద్ధం జరిగిపోతుంది. కనుబొమలు గీయనవసరం లేదు. బొమ్మకు అరగంట. ఉన్న 28లను ఎవరికైనా అమ్మివేసి, రెండు నెలల్లో రెండు సైన్యాలూ పూర్తిచేసి ఆడుకోండి.

సమాధానం 4: గుత్తికోట (అనంతపురం)

ఆదోనికొండ గారి లెక్కతో ఏకీభవిస్తాను, తీర్పుతో ఏకీభవించను. ఎం-సీల్‌తో ఒక్కొక్క కుళ్ళాయినీ మలుచుకున్న మనిషిని పట్టుకుని ముఖాలు కనిపించని బొమ్మలకు మారమనడం న్యాయం కాదు. ఆయనకు ఆట ఎంత ఇష్టమో చేత్తో చేయడం కూడా అంతే ఇష్టమని ప్రశ్నలోనే తెలుస్తున్నది.

ఆ 12 పీఠాల పద్ధతినే 28 మిల్లీమీటర్లకు వర్తింపజేయండి. పీఠం వెడల్పు 60 మిల్లీమీటర్లు అవుతుంది, బల్ల మూడడుగులు కావాలి, అంతే తేడా. రాయల పక్షానికి రెండు పీఠాలు ఏనుగులు, ఒక్కో పీఠంమీద ఒక్కొక్కటి. మూడు పీఠాలు గుర్రాలు, ఒక్కో పీఠానికి మూడేసి. ఏడు పీఠాలు పదాతులు, నలుగురేసి. మొత్తం 39. ఆదిల్ షా పక్షానికి ఏనుగులను తగ్గించి ఫిరంగులు పెంచండి, ఆ యుద్ధంలో ఆయన బలం అదే కదా. అదీ 40 దాటదు. అంటే మీరు ఇప్పటికే అతికించినవాటిలోనే రెండు సైన్యాలూ ఉన్నాయి. మిగిలిన పెట్టెలను కంటికి కనిపించని అటకమీద పెట్టండి. బూడిదరంగు గుట్ట రోజూ ఎదురుగా కనిపిస్తుంటే చేతిలో ఉన్న బొమ్మ కూడా బరువవుతుంది.

రంగు వేసేటప్పుడు ఒక పీఠం పూర్తయ్యాకే రెండవది ముట్టండి. నలుగురికీ ఒకేసారి ఒళ్లు, తరువాత నలుగురికీ బట్టలు, తరువాత పలుచని గోధుమరంగు నీళ్లు మడతల్లోకి పారించి, ఆరాక ఎత్తులమీద ఆరబ్రష్‌తో (రంగును దాదాపు తుడిచేసిన బ్రష్‌తో) తేలికగా రుద్దండి. మూడడుగుల దూరంనుంచి చూసి బాగుంటే చాలు, ఎందుకంటే ఆటలో అంతకంటే దగ్గరగా ఎవరూ చూడరు. సేనాపతి పీఠాన్ని, ఏనుగులను మాత్రం మీకు తృప్తి కలిగేదాకా చేయండి. అందరినీ అలా చేయబోతేనే 14 దగ్గర ఆగిపోతాం.

ఏ రంగులు వేయాలన్న సందేహం వస్తే ఒక ఆదివారం లేపాక్షికి వెళ్లిరండి. అచ్యుతరాయల కాలపు ఆలయం అది, మీ యుద్ధానికి పది, పదిహేనేళ్ల తరువాతి కాలం. మండపాల పైకప్పులమీద చిత్రాలలో పొడవాటి కుళ్ళాయిలు, చారల బట్టలు, గళ్ల అంచులు ఎలా ఉన్నాయో కళ్లారా చూడవచ్చు. అక్కడి చిత్రకారులు ఎర్రని నేలమీద ప్రతి ఆకారానికీ నల్లని గీతతో హద్దు కట్టారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు కూడా ఆ నల్లగీతనే నమ్ముకున్నారు, దూరంనుంచి చూసే బొమ్మకు ఆకారం తెలియాలంటే అదే దారి. నేను నా సైనికుల నడికట్ల పక్కన, చేతుల అంచున ముదురు గోధుమరంగుతో అలాగే గీస్తున్నాను. గుర్రాలూ ఏనుగులూ ఎలా నడిచేవో చూడాలంటే హంపిలో హజారరామ ఆలయ ప్రాకారపు గోడలు ఉన్నాయి. ఇక పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసినదాన్నిబట్టి యుద్ధపుటేనుగుల దంతాలకు కత్తులు కట్టేవారు. టిన్ను డబ్బా రేకును సన్నగా కత్తిరిస్తే అవి చక్కగా వస్తాయి. రాయచూరు కోట ముట్టడిలో రాయలకు తోడ్పడిన పోర్చుగీసు తుపాకీవారిని కూడా ఒక పీఠం చేయండి, ఐరోపా సైనికుల పెట్టెలు సులభంగా దొరుకుతాయి, మలచవలసిన పని ఉండదు.

కడపబండ

దంతాలకు రేకు అతికించేముందు అంచులు గీకి మొండి చేయండి. ఆట మధ్యలో నా వేలు తెగింది.

ఆదోనికొండ

గుత్తికోట గారితో వాదించి గెలిచినవారు లేరు. సరే, 28లోనే సాగండి. నా 15 మిల్లీమీటర్ల మాట వెనక్కి తీసుకోను గానీ, మీ రెండు సైన్యాలూ నిలబడినరోజు కబురు చేయండి, బస్సెక్కి వస్తాను. ఎదుట మనిషి లేకుండా ఈ ఆటకు రుచి లేదు.

తుంగభద్రగట్టు

కార్తీక మాసం వచ్చింది కాబట్టి జరిగినది తెలియజేస్తున్నాను. 22 గరుకు బొమ్మలలో 17 ఆల్కహాల్ స్నానంతో బయటపడ్డాయి. మిగిలిన ఐదింటికి ముఖాలు రాలేదు. వాటికి శిరస్త్రాణాలు దించి వెనుక వరుసలో నిలబెట్టాను. గత నెలలో తెల్లవారుజామున ఆరు గంటలకు మిద్దెమీద ప్రైమర్ వేస్తే పాలమీగడలా పట్టింది. ఒకే ఒక పొరపాటు చేశాను: వాన ముసురులో మాట్ (మెరుపులేని) వార్నిష్ కొట్టాను, నాలుగు గుర్రాలు తెల్లగా బూజు పట్టినట్టయ్యాయి. వాటిమీద మెరుపు వార్నిష్‌ను బ్రష్‌తో ఒకసారి వేసేసరికి ఆ తెలుపు చాలావరకు పోయింది, పొడి గాలి వచ్చాక మళ్లీ మాట్ వేస్తాను.

రాయల పక్షంలో 12 పీఠాలకు 11 పూర్తయ్యాయి. ఆదిల్ షా పక్షంలో ఆరు. అటకమీది పెట్టెలను ఇంతవరకు దించలేదు. ఆదోనికొండ గారు వచ్చే నెల రెండవ ఆదివారం వస్తామన్నారు, ఆదిల్ షా పక్షమే కావాలని పట్టుబట్టారు. ఫిరంగులకు మాత్రం ఇంకా రంగు పడలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.